సంచీ దింపని దీదీ

ఈ రోజు పొద్దున క్లినిక్కులో కొత్తగా చేరిన నర్సమ్మాయి నన్ను బరువు చూసే మిషను ఎక్కమంది. ఎక్కేముందు నేను ఎప్పుడూ చేసే పనులన్నీ చేశాను. చెప్పులు విడిచాను. చేతిసంచీ కుర్చీలో పెట్టాను. బొడ్లో దోపుకున్న తాళంచెవుల గుత్తి తీశాను. కళ్ళజోడు తీసి ఆ పిల్ల చేతికిచ్చాను. కమ్మలు కూడా తీయబోతుంటే, "అవి ఉండనీండమ్మా, వాటికేం బరువుంటుంది?" అంది. నా బాధ నీకేం తెలుసు తల్లీ అనుకుని, ఊపిరంతా వదిలేసి ఎక్కాను. గాలికి మాత్రం బరువుండదా?

అంకెలు నిలిచేలోపల నాకు నవ్వొచ్చింది. "కదలకండమ్మా" అందా పిల్ల. ఎట్లా కదలకుండా ఉంటాను? ఇదే మిషను మీదికి, నా కళ్ళముందే, ఒక మనిషి భుజాన సంచీతో, కాళ్ళకు చెప్పులతో, చేతిలో గొడుగుతో, ఆ పైన చంకలో గుమ్మడికాయతో ఎక్కింది. ఎక్కి, అంకె చూసుకుని, పరీక్ష పాసైన పిల్లలాగా మురిసిపోయింది.

ఆమెను నేను దీదీ అనేదాన్ని. ఆమె నన్ను దీదీ అనేది. వాళ్ళ నేపాలీలో దీదీ అంటే అక్క. ఇద్దరిలో ఒకరు చెల్లెలు కావాలి కదా? ఆ మాట మాత్రం ఇద్దరమూ ఎత్తలేదు. నా వయసు బయటపెట్టడం నాకిష్టం లేదు. నన్ను చెల్లెల్ని చేసి తక్కువ చేయడం ఆమెకిష్టం లేదు. అట్లా ఇద్దరు అక్కలం, ఒక్క చెల్లెలు కూడా లేకుండా, ఏళ్ళపాటు వెళ్ళదీశాం.

యలహంక పాత ఊళ్ళో మా ఇల్లు. కింద రెండు గదులు అద్దెకిస్తాం. వాటిలో ఆమె, ఆమె భర్త ఉండేవాళ్ళు. అతను దేవనహళ్ళి వైపు ఒక హోటల్లో వంటవాడు. ఈమె మా వీధి చివర ఆడపిల్లల పీజీలో వంటమనిషి. ఇద్దరూ ఊరందరికీ వండిపెట్టి, ఇంటికొచ్చి తమ కోసం మళ్ళీ పొయ్యి వెలిగించేవాళ్ళు. "అక్కడ చేసేది డ్యూటీ దీదీ, ఇక్కడ చేసేది అన్నం" అనేది. తెలుగు మా ఇంట్లోనే నేర్చుకుంది. మేం తాతలనాడే బెంగళూరొచ్చి స్థిరపడినవాళ్ళం. మా "ఉండాది, ఉండాడు" వింటే ఆంధ్రానుంచి వచ్చిన చుట్టాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటారు. దీదీ మాత్రం ఆ తెలుగునే, మధ్య మధ్య కన్నడం తిరగమోత వేసి, మా కోడలికంటే తీయగా మాట్లాడేది.

మనిషి పొట్టి. గుండ్రం. మెట్లెక్కి వస్తుంటే ముందు బుగ్గలు కనబడేవి, ఆ తర్వాత తక్కిన మనిషి వచ్చేది. ఆమె అన్నం తినడం చూడవలసిందే. పళ్ళెంలో అన్నం వేసి, గరిటె వెనకవైపుతో తట్టి తట్టి కొండ కట్టేది. కొండ నెత్తిన గుంత చేసి పప్పు పోసేది. పక్కన ఇంత ఆకుకూర, ఇంత ఊరగాయ. "ఏమప్పా దీదీ, ఇదంతా నువ్వొక్కదానివే తింటావా?" అని మొదటిరోజు అడిగితే, ఆమెకు నా ప్రశ్నే అర్థం కాలేదు. "మరి ఇంకెవురు తినాల?" అంది. కొండ కరిగేదాకా మళ్ళీ మాట్లాడలేదు.

లావు అంటే ఆమె దృష్టిలో దేవుడిచ్చిన వరం. ఎవరైనా కొంచెం ఒళ్ళు చేస్తే చాలు, ఆనందం పట్టలేక పదిమందిలో చెప్పేది. మా చెల్లెలి కూతురి నిశ్చితార్థానికి నేను కొత్త పట్టుచీర కట్టుకుని, దరజీని బతిమాలి రవికె కుట్టించుకుని, కడుపు లోపలికి పీల్చుకుని కూర్చున్నాను. మగపెళ్ళివాళ్ళు కాఫీలు తాగుతున్నారు. దీదీ తట్టలో బజ్జీలు పట్టుకొచ్చి, నన్ను చూసి ఆగిపోయి, రెండు చేతులూ చాపి, "అబ్బ! ఎంత లావయినారు దీదీ! శానా బాగుండారు!" అంది. కాఫీ తాగేవాళ్ళు తాగడం ఆపారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పీల్చుకున్న కడుపు కాస్తా బయటికి వచ్చేసింది. మా ఆయన మాత్రం ఆ పూటంతా నన్ను చూసినప్పుడల్లా "శానా బాగుండారు" అంటూనే ఉన్నాడు.

ఇంకోసారి మా కోడలు జిమ్ముకు పోయి, పచ్చికూరలు తిని, అందరూ మెచ్చుకునేటట్టు సన్నబడింది. ఒకరోజు మధ్యాహ్నం దీదీ మూతపెట్టిన గిన్నె పట్టుకుని, అటూ ఇటూ చూసి, గుసగుసగా అడిగింది: "దీదీ, ఇంట్లో ఏమైనా గలాటనా? పిల్లకు ఎందుకు అన్నం పెట్టడం లేదు మీరు?" గిన్నెలో నెయ్యి వేసిన పప్పన్నం ఉంది. నా కోడలి కోసం, నాకు తెలియకుండా పెట్టడానికి తెచ్చి, చివరికి మనసొప్పక నాకే చెప్పేసింది. అత్తగారిగా ఇన్నేళ్ళు నేను సంపాదించుకున్న మంచిపేరు ఆ గిన్నెలో కలిసిపోయింది.

ఆమె షుగరు బయటపడింది నా వల్లే. మోకాళ్ళు నొప్పులంటుంటే నా షుగరుకు నేను చూపించుకునే క్లినిక్కుకే లాక్కుపోయాను. అక్కడ రక్తం చూసి డాక్టరమ్మ, "షుగరు చాలా ఉంది, ఎప్పటినుంచి?" అంది. దీదీ నావైపు తిరిగి, "నేను చక్కెర తిననే తినను గదా" అంది. "టీలో వేసుకుంటావు కదే?" అన్నాను. అంతే. ఆ రోజే చక్కెర డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టి, మా వంటింటి గుమ్మానికి దండం పెట్టింది. వాళ్ళ కొండల్లో కొందరు టీలో ఉప్పు వేసుకుంటారట. అప్పటినుంచి ఉప్పుటీ. నాకూ ఒక గ్లాసు ఇచ్చింది. తాగాను. ఆ రుచి గురించి ఇంతకంటే చెప్పను.

చక్కెర మానేసింది కాబట్టి షుగరు పోయిందని ఆమె లెక్క. అన్నం కొండ మాత్రం అట్లాగే ఉంది. ఇంకొంచెం ఎత్తు పెరిగింది కూడా. "అన్నం తీపి గాదు గదా దీదీ?" అనేది. నేను కూర్చోబెట్టి పాఠం చెప్పేదాన్ని. అన్నం లోపలికి పోయి చక్కెరే అవుతుంది అని. చెబుతూ చెబుతూ నా పళ్ళెంలో రెండో రాగిముద్ద వేసుకునేదాన్ని. రాగి షుగరుకు మంచిది కదా, అందుకని ఎన్ని ముద్దలు తింటే అంత మంచిది అని నా సిద్ధాంతం. బెల్లం హోళిగ, అదే బొబ్బట్టు, పరవాలేదనేది ఇంకో సిద్ధాంతం. మైసూరుపాకు మూల ముక్క అయితే చిన్నది కాబట్టి లెక్కలోకి రాదు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటే ఇదే. మా ఆయన ఒకరోజు మా ఇద్దరినీ చూసి, "ఒకామెది ఉప్పుటీ, ఒకామెది మూల ముక్క. మీ ఇద్దరి పుణ్యాన ఆ క్లినిక్కు ఇంకో అంతస్తు లేస్తాది చూడు" అన్నాడు.

తర్వాతి నెల పోయినప్పుడు జరిగిందే ఆ గుమ్మడికాయ సంగతి. అప్పటి నర్సు, "సంచీ దించమ్మా" అంది. "ఎందుకు దించాల? నా సంచీనే గదా" అంది దీదీ. "గుమ్మడికాయ?" "అదీ నాదే." డాక్టరమ్మ లోపలినుంచి లేచొచ్చింది. బరువు తగ్గమని పోయిన నెల చెప్పానా లేదా అని గట్టిగా అడిగింది. దీదీ తల ఊపింది. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని, "పోయిన నెలకన్నా ఎక్కువే ఉండాది గదా దీదీ?" అని సంతోషంగా అడిగింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నవ్వే రోజులు కాస్త తగ్గాయి. పీజీ వంటింట్లో వేడి గంజి ఒలికి ఆమె పాదం కాలింది. ఎప్పటికీ మానలేదు. పసుపు పెట్టింది, ఆకు పసరు పెట్టింది, చివరికి కుంటడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ కట్టు విప్పి చూసి, ఈసారి కోప్పడలేదు. అందుకే నాకు భయం వేసింది. "అన్నం తగ్గించాలి, బరువు తగ్గాలి, మందులు తప్పకుండా వేసుకోవాలి. లేకపోతే ఈ కాలు మనకు దక్కదు" అంది మెల్లగా. దీదీ అన్నీ విని, మందులు తీసుకుని, ఇంటికొచ్చి, కొండ కట్టి తినింది. మందులు మింగేది కానీ అన్నం దగ్గరికొచ్చేసరికి మొండికేసేది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉండేది నా పని.

ఒక సాయంత్రం చెరువుగట్టు మీద బెంచీలో కూర్చోబెట్టి దులిపేశాను. "కాలు పోతే ఏం చేస్తావే? మీ ఆయన భుజాన మోస్తాడా? ఆ అన్నమేమైనా నీ మేనమామ కొడుకా, అంతగా వదల్లేకుండా?" అన్నాను. ఆమె కాలికట్టు కొస సర్దుకుంది. తర్వాత, "దసరాకు ఊరికి పోవాల దీదీ. అమ్మ చూస్తాది" అంది.

వాళ్ళకు దసరా పెద్ద పండగ. ఎక్కడున్నా ఇల్లు చేరాలి. పెద్దవాళ్ళు పెరుగులో కలిపిన బియ్యం, కుంకుమ నుదుటి నిండా అద్ది దీవిస్తారు. ఈమె పోయినప్పుడల్లా వాళ్ళమ్మ గుమ్మంలోనే ఆపి, రెట్ట పట్టుకుని చూసేదట. వేళ్ళు ఒకదానికొకటి అందకపోతే నవ్వేదట. "నా కూతురికి బెంగళూరులో అన్నం దొరుకుతా ఉండాది" అని ఇంటింటికీ పోయి చెప్పేదట.

"అయితే ఏమైంది? ఒకసారి సన్నగా పోతే ఏమంటుంది?" అన్నాను.

అప్పుడు అన్న సంగతి చెప్పింది. వాళ్ళన్న ఏదో ఎండల దేశంలో పనికి పోయాడు. కొన్నేళ్ళకు ఇంటికొచ్చాడు, సన్నబడి. "అమ్మ రెట్ట పట్టుకుంటే వేళ్ళు అందినాయి దీదీ. అక్కడ అన్నం పెట్టలేదని అమ్మ ఏడ్చింది. ఒళ్ళో పండుకోబెట్టుకుని తినిపించింది. నెయ్యి, అన్నం, చక్కెర కలిపిన పాలు. తింటానే ఉండె. సన్నబడతానే ఉండె. తింటా తింటానే పోయినాడు."

"నీళ్ళు ఎక్కువ తాగేవాడా?" అని అడిగాను.

"బిందెలు ఖాళీ చేస్తా ఉండె. మీకెట్లా తెలుసు?"

తెలుసు. నాకు తెలిసిందేదో ఆమెకూ తెలిసిపోయింది నా మొహం చూసి. నేను అప్పటికి నేర్చుకున్నదంతా కూడదీసుకుని చెప్పాను. షుగరు ముదిరితే సన్నబడతారు, అది వేరు. జబ్బు ముదరకూడదని సన్నబడతారు, ఇది వేరు. మీ అన్న మొదటిది. నువ్వు రెండోది కావాలి. "అయితే అమ్మ పెట్టిన అన్నమేనా దీదీ..." అని ఆగిపోయింది.

"కాదు. మందు లేక పోయాడు" అన్నాను గట్టిగా.

"ఈ మాట అమ్మకు తెలీకూడదు" అంది ఆమె. అంతసేపటికి ఆమె కళ్ళలో నీళ్ళు చూశాను. అంతవరకూ లావు లావని ఆమెను ఆటపట్టించినదాన్ని, ఆ పూట నా కొంగుతో ఆమె కళ్ళు తుడిచాను.

మర్నాటినుంచి దీదీ మారిపోయింది. అదిగో, అక్కడే నాకు కష్టాలు మొదలయ్యాయి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా? కొండ పోయి అన్నం చిన్న కప్పులోకి వచ్చింది. తను తగ్గించుకుంటే సరే. మా ఇంటికొచ్చి నా పళ్ళెంలోకి తొంగిచూసేది. "దీదీ, రెండో ముద్ద ఎవురిది?" అనేది. మూల ముక్కలన్నీ ఆమె కంటబడిపోయేవి. పొద్దున్నే మెట్ల కింద నిలబడి నడకకు రమ్మని కేకలు. కాలు మానుతూ వచ్చిన కొద్దీ నడక వేగం పెరిగింది. నేను వెనక రొప్పుతూ, "ఆగవే తల్లీ, కాలు నీదా నాదా?" అని అరిచేదాన్ని. పీజీ పిల్లలకు కూడా అన్నం తగ్గించి కూరలు ఎక్కువ పెట్టిందట. వాళ్ళు మేనేజరుతో మొర పెట్టుకున్నారు.

దసరా దగ్గరపడేసరికి ఆమె బుగ్గలు, మనిషి ఒకేసారి మెట్లెక్కడం మొదలుపెట్టారు. కాలు మానింది. డాక్టరమ్మ మెచ్చుకుంది. నేను మాత్రం ఎక్కడున్నానో అక్కడే ఉన్నాను. ఇంత నడిచి, ఇంత మాటలు పడి, నా బరువు ఒక్క పిసరు కదలలేదు. ఆ సంగతి ఇక్కడ అనవసరం.

ఊరికి పోయే వారం ముందు దీదీ పైకి వచ్చి, రెట్ట చాపి, "పట్టుకోండి" అంది. పట్టుకున్నాను. నా వేళ్ళు అందాయి. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. బాగుపడిన కూతురు గుమ్మంలో నిలబడితే ఆ తల్లికి చచ్చిపోయిన కొడుకే కనబడతాడు. ఆ కొండ ఊళ్ళో ఫోనులో మాట వినబడటమే గొప్ప. ముందుగా మొహం చూపించి నచ్చచెప్పే దారి లేదు. పోకుండా ఉంటే? దసరాకు రాని కూతురికి ఏమైందోనని ఆమె ఇంకా బెంగపడుతుంది.

"పటుకా కట్టుకుంటా" అంది దీదీ. వాళ్ళ కొండల్లో ఆడవాళ్ళు నడుముకు పొడుగాటి గుడ్డ చుట్టలు చుట్టలుగా చుట్టుకుంటారు. పనికి నడుము పట్టు తప్పకుండా, చలికి వెచ్చగా. దాని పేరు పటుకా. బెంగళూరులో ఆమె ఎప్పుడూ కట్టలేదు. ఇప్పుడు దాన్నే మామూలుకంటే బాగా పొడుగ్గా తీసుకుని చుట్టుకుంటుంది, పైన స్వెట్టరు వేసుకుంటుంది, రెట్టలు లావుగా ఉండటానికి లోపల ఇంకో రెండు పొడుగు చేతుల రవికెలు. ఇదీ ఆలోచన.

మా ఆయనది చిక్కపేటలో గుడ్డల అంగడి. మందపాటి నూలుగుడ్డ తెమ్మంటే తెచ్చి, బల్లమీద పడేసి, "ఇంత గుడ్డ ఎవురికే? రథానికి కడతావా?" అన్నాడు. సంగతి చెబితే నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. మర్నాడు అంగట్లోనుంచి ఇంకో తాను తెచ్చాడు. "అది చాలదులే" అన్నాడు.

ఆ చుట్టడం ఒక పండగ. గుడ్డ కొస నేను పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాను. రెండో కొస నడుముకు దోపుకుని దీదీ ముందు గదినుంచి గిర్రుగిర్రున తిరుగుతూ నా వైపు వచ్చింది. "బిగ్గా పట్టండి దీదీ!" "పట్టుకున్నానే, నువ్వు మెల్లగా తిరుగు!" నా దగ్గరికి వచ్చేసరికి కళ్ళు తిరిగి నామీద పడింది. ఇద్దరం గోడకు ఆనుకుని నవ్వీ నవ్వీ ఆయాసపడ్డాం. స్వెట్టరు వేశాక చూస్తే పాత దీదీ! గుండ్రంగా, నిండుగా. వాళ్ళాయన డ్యూటీనుంచి వచ్చి గుమ్మంలో నిలబడి, "ఎప్పుడైంది ఇది?" అన్నాడు పాపం. నేను నా దగ్గరున్న షుగరు చూసే చిన్న మిషను ఆమె సంచీలో పెట్టాను, దారిలో పనికొస్తుందని. గోరఖ్‌పూరు దాకా రైలు, అక్కడినుంచి బస్సులు, చివర నడక. మొగుడితో ఆటో ఎక్కుతూ దీదీ నాకు చెయ్యి ఊపబోయింది. అన్ని రవికెలతో చెయ్యి పైకి లేవలేదు.

పండగైన కొన్నాళ్ళకు వాళ్ళాయన ఒక్కడే తిరిగి వచ్చాడు.

"దీదీ ఏదయ్యా?" అంటే మెట్లమీద కూర్చుని చెప్పాడు. ఎప్పుడూ నాలుగు మాటలు మాట్లాడని మనిషి.

గుమ్మంలో తల్లి నిలబడి ఉందట. నిండుగా, గుండ్రంగా, ఎప్పటిలాగే. తల్లీ కూతుళ్ళు కౌగిలించుకున్నారు. గుడ్డకు గుడ్డ తగిలింది. తల్లి చెయ్యి అలవాటుగా కూతురి రెట్టమీదికి పోయి, రవికెల లోపల తడిమింది. ఆ పట్టులో ఏం తేడా తెలిసిందో, కూతురి చెయ్యి కూడా తల్లి రెట్టమీదికి పోయింది. రెండు చేతులకూ ఎముకే దొరికింది. కూతురు చేసిన మోసమే తల్లీ చేసింది. సన్నబడిన ఒళ్ళు కూతురి కంట పడకుండా, తన పటుకా, పోయిన అత్తగారి పటుకా, ఇంట్లో ఉన్న దుప్పటి ముక్క, అన్నీ నడుముకు చుట్టుకుని నిలబడింది.

"విప్పినాక చూస్తే గుడ్డ ఎక్కువ, అమ్మ తక్కువ దీదీ" అన్నాడు అతను. మోకాళ్ళమీద మొహం పెట్టుకున్నాడు.

అన్న రోజుల్లో ఆ ఇంట్లో ఎవరికీ తెలియనిది ఈసారి ఒకరికి తెలుసు. దీదీ సంచీలోంచి మిషను తీసి, తల్లి వేలు పొడిచి చూసింది. నా మిషను చూపించగలిగిన దానికంటే పైన ఉంది షుగరు. దశమినాడు తల్లిచేత బొట్టు పెట్టించుకుని, ఆ మర్నాడే తల్లిని వీపున మోసే పెద్ద బుట్టలో కూర్చోబెట్టించి, కొండ దిగి పట్నంలో ఆసుపత్రికి చేర్చింది. అల్లుడూ, ఇంకో చుట్టమూ వంతులవారీగా మోశారట. సూదులు మొదలుపెట్టారు. అక్కడే చిన్న గది తీసుకుని దీదీ ఉండిపోయింది.

"మరి అన్నం తగ్గిస్తే ఆ తల్లి ఊరుకుంటుందా?" అన్నాను.

అతను కొంచెం సిగ్గుపడ్డాడు. "మీ పేరు చెప్పింది దీదీ."

"నా పేరా?"

"బెంగళూరు దీదీ మన కోసం దేవుడికి మొక్కుకున్నారు, మొక్కు తీరేదాకా మనం అరపళ్ళెం అన్నమే తినాల అని చెప్పింది. మొక్కంటే అమ్మ ఎదురు చెప్పదు."

మొక్కు నాదట, పస్తు వాళ్ళదట! నాకు ఏమీ తెలియకుండా ఒక కొండ దేశంలో నేను మహా భక్తురాలినైపోయాను. ఆ రోజు రెండో రాగిముద్ద ముట్టుకోవడానికి నాకు చెయ్యి రాలేదు. ఆ రోజు మాత్రమే.

ఇప్పటికి రెండు దసరాలు గడిచాయి. అతను కింద గదుల్లోనే ఉంటాడు. ఆమె ఇంకా తల్లి దగ్గరే. ఈ సాయంత్రం మెట్ల దగ్గర కనబడితే, పొద్దున మిషను మీద నాకు గుమ్మడికాయ గుర్తొచ్చిన సంగతి చెప్పాను. నవ్వి, అప్పటికప్పుడే ఫోను కలిపి నా చేతికిచ్చాడు. పట్నంలో మొహాలు బాగానే కనబడతాయి.

"అన్నం తిన్నారా దీదీ?" బుగ్గలు కొంచెం తగ్గాయి కానీ గొంతు తగ్గలేదు. "అమ్మ లావయింది దీదీ! చూడండి, చూడండి!" అని ఫోను తిప్పింది. ముడతలు పడిన చిన్న మొహం, ముక్కుకు బంగారు పోగు. పెద్దామె చెంగు తొలగించి, పిల్లలు కండ చూపించినట్టు, తన రెట్ట చూపించింది. మందులతో ఒళ్ళు తిరిగి పట్టుకుంది. నడుముకు ఒక్క పటుకాయే ఉంది.

తర్వాత ఆమె నన్ను చూసింది. కూతురు ఏదో చెప్పింది, నేనే ఆ మొక్కు దీదీనని కాబోలు. పెద్దామె ఫోనుకు దగ్గరగా వచ్చి, వేళ్ళు విప్పి చెయ్యి చాపింది. నాకు అర్థమైంది. సిగ్గు విడిచి రవికె చెయ్యి పైకి లాక్కుని నా రెట్టను ఫోను ముందు పెట్టాను. వరండాలో మా ఆయన పేపరు దించి చూస్తున్నాడు. చూస్తే చూడనీ. అక్కడ ఆమె గాలిలోనే వేళ్ళు మూసింది. అందలేదు. చాలా దూరంలో ఆగిపోయాయి. ఆమె మొహమంతా వెలిగిపోయింది. గబగబా ఏదో అంది.

"ఏమంటా ఉండాది?" అన్నాను.

"మీకేం గాదంట దీదీ. శానా దినాలు బతుకుతారంట."

షుగరు వచ్చినప్పటినుంచి నా ఒంటిని చూసి డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది, కోడలు ఊపింది, దరజీ కూడా ఊపాడు. మా అమ్మ పోయాక, నన్ను ఇట్లా పట్టి చూసి నీకేం కాదని చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంటే ఫోను మళ్ళీ తిరిగింది. దీదీ పక్కకు వచ్చి, గొంతు తగ్గించి, తల్లికి వినబడకుండా అంది:

"అమ్మకు తెలీదు దీదీ. మీరు అన్నం తగ్గించండి."